పద్నాలుగో వరస

గత వేసవిలో, జూన్ ఇరవయ్యారో తేదీ సాయంత్రం ఆరూ ముప్ఫై తొమ్మిదికి, మా అమ్మ ఒక విమాన సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టిన వేలంలో రెండు పాత విమానం సీట్లు దక్కించుకుంది. వేలం మొదలైంది పదిహేను వేల మైళ్ళ దగ్గర. అమ్మ పాట లక్షా ఇరవై వేల ఐదువందల దగ్గర ఆగింది. చివరి పదహారు రోజులూ ఆమెకి పోటీగా పాడింది ఒక్కరే. ఆ ఒక్కరూ మా నాన్న.

వేలం ముగిసే వేళకి అమ్మ ముందుగదిలో ఉంది. నాన్న పెరట్లో షెడ్డులో ఉన్నాడు. నేను మధ్యలో వంటింట్లో ఉన్నాను.

మైళ్ళు అక్కవి. ఫ్యాక్టరీల్లో లారీలను తూచే పెద్ద కాటాలు ఉంటాయి కదా, అవి సరిగ్గా తూస్తున్నాయో లేదో చూసి సరిచేయడం ఆమె ఉద్యోగం. ఇంట్లో ఆమెని ‘తక్కెడ’ అని పిలిచేవాళ్ళం. వారానికి మూడు నాలుగు సార్లు విమానం ఎక్కేది. ఎక్కిన ప్రతిసారీ సంస్థ ఆమె ఖాతాలో కొన్ని మైళ్ళు వేసేది. వాటితో టికెట్లు కొనుక్కోవచ్చు. ఆరేళ్ళలో రెండు లక్షల నలభై ఒక్క వేల ఆరువందలు పోగయ్యాయి. అక్క అందులో ఒక్కటీ వాడలేదు. అమ్మా నాన్నా ఎప్పుడూ విమానం ఎక్కలేదు, వాళ్ళిద్దరినీ ఒకేసారి తీసుకెళ్ళాలని ఆమె పట్టు. అమ్మకి లాండ్రీలో సెలవు దొరికితే నాన్న షెడ్డులో ఎవరిదో గేటు వెల్డింగ్ చేస్తూ ఉండేవాడు. నాన్న ఖాళీగా ఉంటే అమ్మకి సెలవు ఉండేది కాదు. “మీ ఇద్దరికీ ఒకే రోజు తీరిక దొరికేలోపు నేను ముసలిదాన్నైపోతా” అనేది.

జనవరి తొమ్మిదో తేదీ పొద్దున ఐదూ యాభైకి అక్క విమానాశ్రయం నుంచి ఫోన్ చేసింది. నాన్న చేతులకి గ్రీజు ఉందని ఫోన్ స్పీకర్లో పెట్టాను.

“గుండెల్లో మంటగా ఉంది నాన్నా. భుజం కూడా లాగుతోంది. దీన్ని వదిలేసి తర్వాతి విమానానికి వెళ్ళనా?”

“గ్యాస్ అయ్యుంటుంది. ఓ మాత్ర వేసుకుని ఎక్కేయ్. ఎక్కాక కాసేపు నిద్రపో, అదే సర్దుకుంటుంది.”

అమ్మ అక్కడే తన అన్నం డబ్బాకి మూత పెట్టుకుంటోంది. మాటలన్నీ వింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

విమానం దిగాక అందరూ లేచారు. అక్క లేవలేదు. పద్నాలుగో వరస, ఎడమవైపు, కిటికీ పక్క సీటు. పక్కన కూర్చున్నాయన ఆమె నిద్ర చెడకూడదని తన సంచీ మెల్లగా లాక్కుని దిగిపోయాడని తర్వాత మాకిచ్చిన కాగితాల్లో ఉంది.

ఆ రోజు నుంచి అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. తిట్టలేదు, ఒక్క మాట ఎత్తిపొడవలేదు. నాన్న రెండు మూడు వారాలు పలకరించి చూశాడు. గోడకి చెప్పుకున్నట్టే అయ్యింది. తర్వాత ఆయనా మానుకున్నాడు. ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహంగా బతకడానికి ఇద్దరి మధ్యలో ఇంకో మనిషి కావాలి. ఆ మనిషిని నేను. నేను కోర్టులో స్టెనోని. ఎవరేమన్నారో ఉన్నదున్నట్టు రాసుకోవడం నా పని. ఇంటికొచ్చినా అదే పని పడింది. “గ్యాస్ బండ అయిపోయిందని చెప్పు.” “రేపు తెస్తానని చెప్పు.” ఇద్దరి మధ్యా మూడడుగుల బల్ల ఉండేది.

మార్చిలో విమాన సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. చనిపోయినవాళ్ళ మైళ్ళు వారసుల పేరు మీదికి మార్చుకోవచ్చు, జూన్ నెలాఖరులోపు వాడుకోవాలి, లేకపోతే పోతాయి. ముగ్గురం వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాం. కౌంటర్ వెనక ఉన్నావిడ కాగితాలు చూసి, ఒకే ఖాతాలో వేయమంటారా, విడివిడిగానా అని అడిగింది.

“విడివిడిగా అని చెప్పు” అంది అమ్మ నాతో.

“ఆవిడ ఎలా అంటే అలాగే అని చెప్పు” అన్నాడు నాన్న నాతో.

కౌంటర్ ఆవిడ నా మొహం చూసింది. ఇద్దరి మాటలూ ఆమెకి వినపడ్డాయి. అయినా నేను చెప్పాను. మైళ్ళు వేల లెక్కనే పంచుతారట. ఆరువందలు పోతాయి. మిగిలిన రెండు లక్షల నలభై ఒక్క వేలల్లో ఆ బేసి వెయ్యి ఎవరికి అని అడిగింది. “ఆవిడకే ఇవ్వమను” అన్నాడు నాన్న. అమ్మ ముందు సంతకం పెట్టింది, నాన్న తర్వాత. కొత్త సభ్యత్వ నంబర్లు రెండు కార్డుల మీద అచ్చయి వచ్చాయి. నేను వాటిని చూడలేదు. ఎవరి కార్డు వాళ్ళకిచ్చాను.

రెండు నెలలు ఆ కార్డుల ఊసు ఎవరూ ఎత్తలేదు. మా ఇంటి పై వాటాలో ఉండే మేనత్త ఒక్కతే ఎత్తేది. నాన్నకి చెల్లెలు. నోట్లో మాట నిలవదు, కానీ మనసులో కల్మషం ఉండదు. మే నెలలో ఒక రోజు కిందికొచ్చి, ఇద్దరూ ఇంట్లో ఉన్న సమయం చూసుకుని, గది మధ్యలో నిలబడి అందరికీ కలిపి చెప్పింది. పిల్ల మీ కోసమే కూడబెట్టిందనీ, దాని ముచ్చట తీర్చడానికైనా ఎక్కడికో ఓ చోటికి వెళ్ళి రమ్మనీ, పక్కపక్కన కూర్చోవడం అంత కష్టంగా ఉంటే ఒకరు ముందు వరసలో, ఒకరు వెనక వరసలో కూర్చోమనీ. మీకు వద్దంటే చెప్పండి, నేనెక్కి తిరుగుతానంది. అమ్మ బట్టలు మడత పెడుతూనే ఉంది. నాన్న చెప్పులేసుకుని షెడ్డుకి వెళ్ళిపోయాడు. “వీళ్ళకంటే కోర్టులో ముద్దాయిలే నయం కదే, వకీలు అడిగితే నోరు విప్పుతారు” అని నాతో అని అత్త మెట్లెక్కింది.

జూన్ మొదటి వారంలో సంస్థ నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. ఇద్దరికీ వచ్చింది. సభ్యులకి మాత్రమే వేసవి వేలం. డబ్బు కాదు, మైళ్ళతో పాడాలి. జాబితాలో ఏవేవో ఉన్నాయి. ఏడాది పాటు విమానాశ్రయం లాంజ్‌లోకి ప్రవేశం, పైలట్లు శిక్షణ తీసుకునే నకిలీ కాక్‌పిట్‌లో ఒక గంట, ముందు తరగతికి మార్చే కూపన్లు. చివర్లో, సర్వీసు నుంచి తీసేస్తున్న నాలుగు పాత విమానాల సీట్లు. జంటలు జంటలుగా. ప్రతి జంట కిందా విమానం నంబరు, వరస నంబరు వేశారు.

వేసవి సెలవుల్లో కోర్టులో పని చేసినందుకు నాకు జూన్‌లో సెలవిచ్చారు. నేను ఇంట్లోనే ఉన్నాను. అక్క కాగితాల ఫైలు బీరువా అడుగు అరలో ఉంటుంది. దానికి గుడ్డ టేపు కడతాం. ఏడో తేదీన చూస్తే టేపు జారుముడి వేసి ఉంది. అది అమ్మ ముడి. ఎనిమిదో తేదీన చూస్తే రెండు పీటముళ్ళు. అది నాన్న ముడి. ఎందుకు తీశారని ఎవరినీ అడగలేదు.

ఎనిమిదో తేదీ మధ్యాహ్నం అమ్మ తలుపు దగ్గరికి వేసి ఫోన్ నా చేతికిచ్చింది. పాట పెట్టడం నేర్పమంది. తెర మీద ఫొటో ఉంది. నీలం గుడ్డ కప్పిన రెండు సీట్లు, మధ్యలో ఒకటే చేతి ఆనిక. కింద పద్నాలుగో వరస, ఎడమవైపు అని ఉంది. విమానం నంబరు నాకు తెలిసిందే. అక్క కాగితాల్లో మూడుచోట్ల ఉంది.

“అదేనా అమ్మా?”

“అదే. మీ నాన్నకి చెప్పకు.”

చెప్పనని మాటిచ్చాను. ఎక్కడ నొక్కాలో చూపించాను. ఒక్కో పాటా కనీసం ఐదువందలు పెంచాలి. ఎవరైనా మన మీద పాడితే ఫోన్ టింగుమంటుంది. అమ్మ రెండుసార్లు నాచేత చెప్పించుకుని, మూడోసారి తనే నొక్కింది.

ఆ మర్నాడు నాన్న షెడ్డులోకి పిలిచి, సంస్థ యాప్ తన ఫోన్‌లో కూడా పెట్టమన్నాడు. దేనికని అడిగాను. “ఊరికే. చూస్తూ కూర్చుంటా” అన్నాడు. అమ్మకి చెప్పొద్దన్నాడు. ఆయనకీ మాటిచ్చాను.

మొదటి రోజుల్లో ఐదారుగురు పాడారు. పాత విమానాల సామాను పోగుచేసే సరదా ఉన్నవాళ్ళు ఉంటారట. ఇరవై రెండు వేలు దాటేసరికి వాళ్ళంతా తప్పుకున్నారు. వెనక పదిహేనో వరస సీట్లు, అదే గుడ్డ, అదే చేతి ఆనిక, పదహారు వేల ఐదువందలకి పోయాయి. పదమూడో వరసకి మొదటి ధర మీద ఎవరూ పాడలేదు. పద్నాలుగో వరస మాత్రం రెండో వారం చివరికి నలభై ఎనిమిది వేలకి చేరింది.

అమ్మకి పాట అలవాటైపోయింది. లాండ్రీ నుంచి రాగానే చేతులు కడుక్కుని ఫోన్ తీసేది. జనవరి నుంచి ఇంట్లో ఏ విషయమూ పట్టనట్టు ఉన్న మనిషి, ఇప్పుడు గడియారం చూసుకుంటూ వచ్చేది. “డెబ్భై రెండు మళ్ళీ పెట్టాడే” అనేది. పాడేవాళ్ళ పేర్లు తెరమీద రావు, సభ్యత్వ నంబరులో చివరి నాలుగంకెలే వస్తాయి. ఆ అంకెలతోనే అవతలి మనిషికి పేరు పెట్టేసుకుంది. “ఈ డెబ్భై రెండుకి నిద్రాహారాలు లేవా ఏంటి. పెట్టిన గంటలో పెట్టేస్తాడు.” ఒకసారి నవ్వింది కూడా. నేను ఆశ్చర్యపోయి చూస్తే మొహం తిప్పుకుంది.

షెడ్డులో నాన్న ఒక గేటుకి చువ్వలు వెల్డింగ్ చేస్తూ మధ్యమధ్యలో అద్దాలు పైకెత్తి ఫోన్ చూసుకునేవాడు. ఒక రోజు ఆయనకి టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు, “వదలడే వీడు” అని గొణిగాడు.

“ఎవడు నాన్నా?”

“ఎవడో కస్టమరు. బేరం తెగనివ్వడు.”

“ఆ గేటు ఆయనేనా?”

“నీ టీ చల్లారిపోతోంది స్టెనోగారూ” అన్నాడు. టీ ఆయనది. నేను వచ్చేశాను.

అమ్మతో ఒకసారి అన్నాను, ఇది మరీ ఎక్కువైపోతోందని. అప్పటికి డెబ్భై వేలు దాటింది. ఆ మైళ్ళతో ఇద్దరు మనుషులు మూడుసార్లు వెళ్ళి రావచ్చని లెక్క వేసి చెప్పాను. అక్క చనిపోయాక కూడా ఆ విమానం రోజూ తిరుగుతూనే ఉందని, ఐదు నెలల్లో ఆ సీట్లో తక్కువలో తక్కువ ఐదారువందల మంది కూర్చుని ఉంటారని కూడా చెప్పబోయాను. చెప్పలేదు. అమ్మ నా లెక్క పూర్తిగా వింది. “ఎక్కడికి వెళ్తాం?” అంది. జవాబు కోసం అడగలేదు.

ఇరవయ్యారో తేదీన వేలం సాయంత్రం ఆరింటికి ముగియాలి. మధ్యాహ్నానికి తొంభై ఏడు వేలు. అమ్మ ఆ రోజు లాండ్రీకి సెలవు పెట్టింది. ఐదూ నలభైకి నాన్న షెడ్డు నుంచి కేకేశాడు. ఫోన్ తెర కదలట్లేదట. చూసిపెట్టమన్నాడు. చేతిలోకి తీసుకుని, ఆపి, మళ్ళీ వెలిగించాను. యాప్ తెరుచుకుంది. నీలం సీట్లు. పద్నాలుగో వరస, ఎడమవైపు. మీ మీద ఎక్కువ పాట వచ్చింది, లక్షా తొమ్మిది వేల ఐదువందలు అని ఎర్రక్షరాల్లో ఉంది.

మాట ఇచ్చింది ఇద్దరికీ. ఐదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. తర్వాత చెప్పాను.

“నాన్నా, అవతల పాడుతున్నది అమ్మ.”

నాన్న వెల్డింగ్ అద్దాలు తలమీంచి తీసి బెంచీ మీద పెట్టాడు. నీకెలా తెలుసని అడిగాడు. నేనే నేర్పానని చెప్పాను. ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూడలేదు.

“వదిలేయ్ నాన్నా. ఎవరు పాడినా వచ్చేది ఈ ఇంటికే కదా.”

“వస్తే మీ అమ్మదై వస్తుంది.”

“అయితే ఏంటి?”

“ఎక్కమన్నది నేను” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. గేటు కొలతలు చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. “ఒక్కసారి నేను అందులో కూర్చోవాలి. ఆవిడ కూర్చోనివ్వదు.”

అంతకుముందు ఆయన రెండేసి వేలు, మూడేసి వేలు పెంచేవాడని పాటల జాబితాలో కనపడుతోంది. ఐదూ యాభై ఎనిమిదికి పెట్టిన పాట ఐదువందలే. లక్షా పదివేలు.

నేను ముందుగదిలోకి వెళ్ళాను. అమ్మకి కూడా చెప్పేస్తే ఇద్దరిలో ఒకరైనా ఆగుతారనుకున్నాను. అమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది, ఫోన్ ఒళ్ళో ఉంది. నోరు తెరిచేలోపే తల ఎత్తకుండా, “రెండు నిమిషాలాగు” అంది. ఆగాను. తర్వాత వంటింట్లోకి వచ్చేశాను.

ఆ వేలానికి ఒక నియమం ఉంది. చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు అక్కణ్ణించి ఇంకో రెండు నిమిషాలు పెరుగుతుంది. ఆరింటికి ముగియలేదు. షెడ్డులో టింగుమంది. కాసేపటికి ముందుగదిలో టింగుమంది. ఇద్దరూ వెంటనే పాడలేదు. గడువు చివరి సెకన్లకి వచ్చేదాకా ఆగి, అప్పుడు ఐదువందలు పెంచారు. అమ్మ కూడా ఐదువందలే పెంచింది. స్టవ్ మీద పాలు పెట్టి, పొంగకుండా చూస్తూ నిలబడ్డాను. ఇటు ఒక టింగు, అటు ఒక టింగు. లెక్కపెట్టాను. ఇరవై ఒకటి.

ఇరవై ఒకటోది షెడ్డులో మోగింది. నాన్న ఖాతాలో ఉన్నది లక్షా ఇరవై వేలు, అది ఆయన పాడేశాడు. అమ్మ దాని మీద ఐదువందలు పెట్టింది. ఆమెకి బేసి వెయ్యి ఉంది. రెండు నిమిషాలు గడిచాయి. ముందుగదిలో ఏమీ మోగలేదు.

నాన్న కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వంటింట్లోకి వచ్చాడు.

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

“ఆవిడకేనా?”

“అమ్మకే.”

“మంచిది” అని మంచినీళ్ళడిగాడు. రెండు గ్లాసులు తాగి మళ్ళీ షెడ్డుకి వెళ్ళాడు.

ఆయన ఖాతాలో లక్షా ఇరవై వేలు అలాగే ఉన్నాయి. వాడుకోవడానికి ఇంకా నాలుగు రోజులు ఉంది. ఎక్కడికైనా టికెట్ తీయమంటావా అని మర్నాడు అడిగాను, ఆ మర్నాడూ అడిగాను. ఒకసారి చూద్దాంలే అన్నాడు, ఒకసారి వెల్డింగ్ అద్దాలు కిందికి దించుకున్నాడు. ముప్ఫయ్యో తేదీ గడిచాక చూస్తే ఖాతాలో సున్నా ఉంది.

సీట్లు జులై నాలుగున వచ్చాయి. ఇద్దరు మనుషులు ప్లాస్టిక్ చుట్టి తెచ్చారు. ముందు తలుపులోంచి అడ్డంగా పట్టలేదు, నిలువుగా తిప్పి లోపలికి తెచ్చారు. కింద నిలబెట్టబోతే ఒక పక్కకి ఒరిగిపోయాయి. విమానం సీటుకి మామూలు కుర్చీలా కాళ్ళుండవని అప్పుడు తెలిసింది. నేలలో ఉండే ఇనప పట్టాల్లో బిగించే కొక్కేల్లాంటివి ఉంటాయి, అవి కూడా ఒకపక్కకే ఉంటాయి. దేనికైనా బిగిస్తే తప్ప నిలబడదు. తెచ్చినవాళ్ళు గోడకి ఆనించి, సంతకం తీసుకుని వెళ్ళిపోయారు. అత్త కిందికొచ్చి చూసింది. ఎంతకొచ్చాయని నన్ను అడిగింది, చెప్పాను. ఏదో అనడానికి నోరు తెరిచి, ప్లాస్టిక్ మీంచి వరస నంబరు చూసి, అనకుండా పైకెళ్ళిపోయింది. ఆమె మాట మింగుకోవడం నేను చూసింది అదొక్కసారే.

అమ్మ ప్లాస్టిక్ విప్పింది. బెల్టులు అలాగే ఉంచమంది. కిటికీ పక్క సీటు బెల్టు ఎవరో చివరిగా బిగించిన కొలతకి ఉంది. అది అక్క కొలత కాదని అమ్మకి తెలుసు. అయినా ముట్టుకోవద్దంది.

ఆ సాయంత్రం అమ్మ దగ్గర కూర్చుని, మాట తప్పుతున్నానని ముందే చెప్పి, అవతల పాడింది నాన్నే అని చెప్పాను.

“తెలుసు” అంది.

“ఎప్పట్నించి?”

“మూడో రోజు నుంచి. నాది నలభై ఏడు డెబ్భై ఒకటి. ఆయనది నలభై ఏడు డెబ్భై రెండు. ముప్ఫై ఏళ్ళు బట్టలకి చీటీలు కట్టినదాన్ని. పక్కపక్క నంబర్లు ఒకే ఇంటి మూటవని నాకు తెలీదా?”

“తెలిసీ ఎందుకమ్మా అంత దాకా?”

అమ్మ ఒళ్ళో ఉన్న తువ్వాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

“నేను పెడితే ఆయన పెట్టేవాడు. ఆయన పెడితే నేను” అంది. “ఈ ఆర్నెల్లలో మేమిద్దరం మాటకి మాట అనుకుంది అక్కడే.”

సీట్లు పది రోజులు గోడకి ఆనుకునే ఉన్నాయి. కాళ్ళు చేయించమని అమ్మ నాన్నకి చెప్పమనలేదు. చేస్తానని నాన్న అమ్మకి చెప్పమనలేదు. బయట వెల్డరు ఎవరినైనా పిలవమంటావా అని నేను అమ్మని అడిగితే, వద్దంది. ఆమె పనికి వెళ్ళాక నాన్న లోపలికొచ్చి, సీట్లకి కొంచెం దూరంగా నిలబడి చూసేవాడు. పదకొండో రోజున కొలతల టేపు తెచ్చుకుని మోకాళ్ళ మీద కూర్చుని కింది కొక్కేలు కొలిచాడు. సీట్లని చేత్తో పట్టుకోలేదు, నన్ను పట్టుకోమన్నాడు. రెండు రోజులు షెడ్డులో వేరే పని చేయలేదు. ఇనప యాంగిల్ కోసి చట్రం కట్టాడు, కొక్కేలు దూరేలా గాడులు తీశాడు, మూలలు చేతికి గీసుకోకుండా అరగదీశాడు, నల్లరంగు రెండు పూతలు వేశాడు. గేట్లకి ఒక పూతే వేస్తాడు.

జులై పదిహేడు. అమ్మకి లాండ్రీ సెలవు. పొద్దున్నే నాన్నా నేనూ చట్రం మోసుకొచ్చి ముందుగదిలో కిటికీ వైపు పెట్టి, సీట్లు దాని మీదికి ఎక్కించాం. ఎనిమిది బోల్టులు. నాన్న పానా వేసి ఒక్కొక్కటీ బిగించాడు, నేను పట్టుకుని ఊపి చూశాను. కదల్లేదు. ఆయన షెడ్డుకి వెళ్ళిపోయాడు.

పదింటికి అమ్మ స్నానం చేసి వచ్చింది. సీట్లు చూసింది. చట్రం మీద రంగుని వేలితో తాకి చూసింది. నడవ వైపు సీట్లో కూర్చుంది. కిటికీ వైపుది ఖాళీగా ఉంచింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ చాలాసేపు ఉంది. నాన్న పానా మర్చిపోయి, దాని కోసం పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. ఆమెని చూసి ఆగిపోయాడు. వెనక్కి తిరగబోయాడు.

“కూర్చోండి” అంది అమ్మ.

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. నాతో అనలేదు. చెప్పమని కూడా అనలేదు.

నాన్న వచ్చి కిటికీ సీటు వెనక నిలబడ్డాడు. వెనక ఆనిక మీద చెయ్యి పెట్టాడు. బెల్టు వైపు చూశాడు. అమ్మ కాళ్ళు పక్కకి జరిపి దారి ఇచ్చింది.

“ఈ బోల్టులు ఇంకోసారి బిగించాలి” అన్నాడు.

పానా తీసుకుని ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని బిగించడం మొదలుపెట్టాడు. ఒకటి అయ్యాక ఇంకోటి. ఎనిమిదీ అయ్యాక మళ్ళీ మొదటిది. అమ్మ లేవలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి నేను భోజనానికి పిలిచినప్పుడు ఆయన ఇంకా నేల మీదే ఉన్నాడు. ఆ బోల్టులన్నీ పొద్దున్నే బిగిసి ఉన్నాయి. నేను చూశాను.